మొరగడం నేర్పిన మనిషి

మాచర్లలో మందుల హోల్‌సేల్ షాపు ముందు నిలబడి అట్టపెట్టెలు ఆటోలోకి ఎక్కిస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు.

"మీ ఎదురింటి బాబాయ్ పోయాడే. పొద్దెక్కినా తలుపు తీయకపోతే గడియలు విరగ్గొట్టి చూశారంట. నిద్రలోనే పోయాడు."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

అటునుంచి మా ఆయన నవ్వాడు. చావు కబురు చెబుతూ నవ్వకూడదు గానీ, పాపం ఆపుకోలేకపోయాడు. "ఆయన గాలి నీకూ సోకిందే," అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు బాబాయ్ మాట వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, ఆటోలో కూర్చున్నాక వచ్చింది.

బాబాయ్‌ని ఏది అడిగినా జవాబు రెండు మాటల్లో ఏదో ఒకటి. "ఎవరు చెప్పారు?", లేదంటే "ఎందుకడుగుతున్నావ్?" "జ్వరం తగ్గిందా బాబాయ్?" అంటే, "జ్వరమని ఎవరు చెప్పారు నీకు?" అనేవాడు. మాత్రలు కొన్నది నా దగ్గరే. "ఈ ఏడు మిరప ఎట్టా ఉంది?" అంటే, "ఎందుకడుగుతున్నావ్?" ఆ మిరప చేను రోడ్డు పక్కనే ఉంది. వెల్దుర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాడికీ అది కనపడుతూనే ఉంటుంది.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. నేను ఆ ఊరి ఆడపడుచుని, మా ఆయన ఊళ్ళోకి అల్లుడిగా వచ్చాడు. ఫార్మసీ చదివింది నేను కాబట్టి మందుల షాపు కౌంటరు నాది, చేను మా ఆయనది. షాపుకి రోడ్డవతల ఎదురుగా బాబాయ్ ఇల్లు. ఊళ్ళో వరస కలుపుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

రోజూ పదకొండింటప్పుడు షాపుకి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. గోడకి వీపు ఆనించి, రోడ్డుకేసి మొహం పెట్టి. ఆయన వీపు చూసినవాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేదో నాకు తెలియదు. మాత్రల అట్ట ఇస్తే వెనక్కి తోసేసేవాడు. "పైది వొద్దు, అడుగుది వొద్దు, నడిమిది తియ్యి," అనేవాడు. తీసి ఇస్తే వెలుతురుకి ఎత్తి పట్టి తేదీ చదివి, చదివింది నమ్మకుండా నన్ను చదవమనేవాడు. మాచర్ల పోవాలంటే ముందు ఎదురు దిక్కు పోయే ఆటో ఎక్కి, ఊరు దాటాక దిగి, అక్కడ మాచర్ల బస్సు ఎక్కేవాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. తెలిసీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అడిగితే ఏమంటాడో కూడా తెలుసు కాబట్టి.

టీ తెచ్చి ఇస్తే తన గ్లాసు నాకిచ్చి నా గ్లాసు తను తీసుకునేవాడు. నేను లంగా కట్టుకున్నప్పటి నుంచీ చూస్తున్నాడు నన్ను. అయినా అంతే. ఓసారి మా ఆయన తమాషాకి, బాబాయ్ మార్చకముందే తనే గ్లాసులు మార్చి పెట్టాడు. ఆ రోజు ఆయన టీయే తాగలేదు, రెండు గ్లాసులూ చల్లారిపోయాయి.

ఊరికే వచ్చిన జబ్బు కాదు అది. ఆయన ఇంటికీ పక్కింటికీ మధ్య నా చిన్నతనానికి ముందు జరిగినవి ఇక్కడ రాయను. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి పేపర్లో చదివింది చాలు. ఒకే ఇంటిపేరు, ఒకే ముత్తాత, నడుమ ఒక గోడ. గోడ మీద పొడుగునా సిమెంటులో గుచ్చిన గాజుపెంకులు. నరసరావుపేట కోర్టు చుట్టూ తిరిగి తిరిగి రెండు వైపులా చేలు కరిగిపోయాక పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఒకరి గడప ఒకరు తొక్కకూడదు. ఒకరింట్లో మంచినీళ్ళు ఒకరు తాగకూడదు. ఒకరి మనిషినిగానీ గొడ్డునిగానీ ఒకరు ముట్టకూడదు. ఎవరు తప్పితే వాళ్ళు రాజీ చెడగొట్టినవాళ్ళు. మా ఊళ్ళో రాజీ చెడడమంటే ఏమిటో రెండిళ్ళ ఆడవాళ్ళకీ తెలుసు.

పక్కింటాయన మాజీ ప్రెసిడెంటు. మళ్ళీ ఎన్నికలొచ్చే ముందు ఓ కుక్కపిల్లని తెచ్చాడు. ఆల్సేషన్ అన్నారు, చానా ఖరీదన్నారు. టైగర్ అని పేరు పెట్టి, మెడకి ఎర్రని బెల్టు కట్టి, జనం కూర్చునే చోట స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ఎన్నికల్లో ఓడిపోయాడు. సంసారం నరసరావుపేటకి మార్చాడు. ఇంటికి తాళం పడింది, కుక్క పంచలో గొలుసుకి మిగిలింది. పాలేరు బుద్ధి పుట్టిన రోజున వచ్చి గేటు తీసి, మిగిలిన అన్నం ఇంత విసిరి, బక్కెట్లో నీళ్ళు పోసి పోయేవాడు. బుద్ధి పుట్టని రోజున రాడు.

కుక్క అరుపులు నాకు కౌంటరు దాకా వినపడేవి. ఏం చేస్తాం? పరాయి వాళ్ళ కుక్క. అందులోనూ ఆ ఇంటి కుక్క.

అప్పుడు నేను చూసిందేమంటే, బాబాయ్ పొద్దునా సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, చేతికర్రతో గోడని దబదబా బాదేవాడు. అవతల కుక్క తెగబడి మొరిగేది. ఈయన వీధి వీధంతా వినపడేలా తిట్టేవాడు. "అరువురా దొంగ సచ్చినోడా! అరువు! మీ అయ్య పోయాడుగా నిన్నొదిలి, ఇంకెవరికి కాపలా? గట్టిగా అరువు!" తర్వాత ఆయన చెయ్యి ఒక్కసారి గోడ మీదుగా అవతలికి పోయి వచ్చేది. రాయి వేస్తున్నాడనుకున్నాను. యజమాని మీద కోపం మూగజీవం మీద తీర్చుకుంటున్నాడు, ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకున్నాను. నడిచేవాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. "మొరిగే కుక్క కరవదు బాబాయ్," అని ఒకడంటే, "కరవదని ఎవరు చెప్పారు?" అన్నాడు.

ఆ రోజుల్లోనే బ్యాండేజీ కొనడం మొదలుపెట్టాడు. చూస్తే మోచేతి కింద గీతలు గీతలుగా కోతలు. "ఏంది బాబాయ్ ఇది?" అంటే, "ఎందుకడుగుతున్నావ్?" అని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. తర్వాత పుండ్లు మానే మాత్రలు అడిగాడు. అవీ ఎక్కువే అడిగాడు. కోతలు చిన్నవి, మాత్రలు పెద్ద పుండుకి చాలేవి. నాకు లెక్క కుదరలేదు. అడిగితే చెప్పే మనిషా?

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేకుండా చూసి, బెంచీ మీద నుంచి లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"అమ్మాయ్, కుక్కని మత్తులో పెట్టే మందుందా?"

నేను మా ఊళ్ళో పుట్టినదాన్ని. ఎవడైనా పక్కింటి కుక్క నోరు మూయించాలనుకుంటే, ఆ తర్వాత ఏం జరుగుతుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాజీ ప్రెసిడెంటు ఆ వారంలో ఊరికి వస్తాడని కూడా అనుకుంటున్నారు.

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకడుగుతున్నావ్?"

"ఎందుకేంది? మందులమ్మేదాన్ని, అడక్కుండా ఇస్తానా? అట్టాంటివి నా దగ్గర ఉండవు. పశువుల ఆసుపత్రికి పో. కాంపౌండరున్నాడు."

"ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"నానకపోతే పోయె. దాచాల్సిన పనైతే అసలు చెయ్యమాక. బాబాయ్, నీకు కూతురుంది. శావల్యాపురంలో దాని కాపురం చల్లగా ఉంది. మళ్ళీ పాత గొడవలు ఎత్తమాక, దండం పెడతా."

ఆయన నా మొహం కేసి చాలాసేపు చూశాడు. ఆయన్ని నేను అనుమానించానని అప్పుడు అర్థమైంది ఆయనకి. కోపం వస్తుందనుకున్నాను. అదేం లేదు, మెచ్చుకున్నట్టు తలూపాడు. ఇప్పుడు తలచుకున్నా, ఆ రోజు నేను అనుమానించడంలో తప్పేం లేదనిపిస్తుంది. ఆయన స్థానంలో నేనుండి, నా స్థానంలో ఆయనుంటే పోలీసుల దాకా పోయేవాడు.

"షట్టరు దించి రా," అన్నాడు. "చూసి, నోరు మూసుకో."

వాళ్ళ డాబా మీదికి అదే నేను మొదటిసారి ఎక్కడం. మెట్లెక్కుతుంటేనే వాసన కొట్టింది. పిట్టగోడ మీదుగా తొంగి చూస్తే కింద పంచలో టైగర్. ఎర్రబెల్టు కోసం చూశాను, కనపడలేదు. కాస్త వంగి చూస్తే కనపడింది. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన బెల్టు అది. కుక్క పెరిగింది, బెల్టుని వదులు చేసినవాడు లేడు. అది కండలోకి దిగి, దాని మీదుగా చర్మం పొంగి, చుట్టూ చీము. ఈగలు ముసురుతున్నాయి. తల వంచలేక, మెడ ఒక పక్కకి పెట్టి పడుకుని ఉంది.

"ఆ పట్టీ కొయ్యాలి. మెలకువగా ఉంటే కొయ్యనిస్తదా? అందుకడిగా మత్తుమందు," అన్నాడు బాబాయ్. "నేను పైనించి ఏం చేసేది? మాత్రలు ముద్దలో పెట్టి వేస్తున్నా. తింటంది గానీ, పట్టీ ఊడందే ఏ మాత్ర పనిచేసిద్ది?"

రాళ్ళు కావు, అన్నం ముద్దలు. గాజుపెంకుల మీదుగా చెయ్యి అవతలికి చాచి కోడి మెడలు, జొన్నరొట్టె ముక్కలు, మాత్రలు కలిపిన ముద్దలు వేస్తున్నాడు. ఆ కోతలన్నీ అందుకే. "ఆ నాలుగు పెంకులూ పగలగొట్టుకోవచ్చుగా?" అన్నాను.

"పగలగొడితే గోడ చెప్పదూ, ఇక్కణ్ణించి చెయ్యి పోయిందని?"

"ఇదంతా ఎందుకు బాబాయ్? పెద్దమనిషివి, ప్రెసిడెంటు గారికి ఒక ఫోన్ చేస్తే పోయేదిగా. నీ కుక్క చస్తంది చూసుకో అని."

"నేను చెబితే ఏమయిద్దో తెలుసా? పగోడు తన కుక్క మీద జాలిపడ్డాడంటే, అది పగోడికి లొంగిందనుకుంటాడు వాడు. పగోడికి లొంగిన కుక్క ఇంటికి పనికిరాదు. సాయంత్రానికి సాగర్ కాలవలో తేలుద్ది."

"అంత మాటా?"

"అంత మాటే. మేం చేసిందే అది."

ఆయన పిట్టగోడ కింద కూర్చున్నాడు. ఎప్పటిలాగే వీపు గోడకి ఆనించి.

"ఆ రోజు మా కుక్క అరవలా. ముందు నెల నించీ ఎవడో దానికి మాంసం ముక్కలేస్తన్నాడు. మాకు తెలవదు. వాళ్ళు గోడ దూకి వస్తంటే తోకూపుకుంటా ఎదురుపోయిందంట. మా అన్న పోయాడు. తెల్లారి మా నాయన గొడ్డలి తెచ్చి నా చేతికిచ్చాడు. అది నా మంచం కిందే పడుకునేది అమ్మాయ్. నేను పిలిస్తే తోకూపుకుంటానే వచ్చింది."

ఇన్నేళ్ళూ ఆయన గ్లాసులు మారుస్తుంటే నవ్వుకున్న మనుషులం మేము.

"అందుకే దీనికి మొరగడం నేర్పుతున్నా," అన్నాడు లేచి. "నా చేతి కూడు తిని, నన్ను చూసి మొరగాలి. ఊరందరూ వినాలి. అప్పుడు దాని జోలికి ఎవడూ రాడు. చూడు."

కర్ర తీసుకుని పిట్టగోడ మీద దబదబా బాదాడు. టైగర్ ఆ మెడతోనే లేచింది. గొలుసు సాగేదాకా గోడ వైపు ఉరికి మొరిగింది, మొరిగింది. ఆయన తిట్లు మొదలుపెట్టాడు. నేను కుక్క వెనక వైపు చూశాను. తోక చీపురులా అటూ ఇటూ ఊగుతోంది.

"బాబాయ్, దాని తోక చూశావా?"

"నువ్వు నోరు చూడు," అన్నాడు. "ఊళ్ళో వాళ్ళు నోరే చూస్తారు."

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారి భార్యకి ఫోన్ చేశాను. ఆమెని నేను పిన్ని అంటాను, బి.పి. మాత్రలకి నా దగ్గరికే వచ్చేది. బాబాయ్ పేరెత్తలేదు. "పిన్నీ, మీ పంచలోంచి వాసన షాపు దాకా కొడతంది. కుక్క మెడ కుళ్ళింది. నాలుగు రోజులుంటే చచ్చి ఇంకా కంపు కొడతది," అన్నాను. మర్నాడే కారులో వచ్చింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. మూతి కట్టి, ఇంజక్షన్ ఇచ్చి, బెల్టు కోసి, గాయం కడిగి కట్టు కట్టాడు. నేను దూదీ, మందులూ అందించాను. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమేవ్, ఇంత జరుగుతుంటే మాకెవరూ చెప్పలేదే," అని ఏడ్చింది. అంతసేపూ బాబాయ్ నా షాపు బెంచీ మీదే ఉన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని. పేజీ తిప్పిన పాపాన పోలేదు.

పని బాగానే అయింది. కానీ ఆ కాంపౌండరు పోతూ పోతూ, నువ్వుగింజ నానని నోటితో ఒక మాటన్నాడు. "మెడ సంగతి పక్కన పెట్టండి, ఒంటి మీద కండ బానే ఉందమ్మా. మేత బానే పడతంది దీనికి."

ఆ మాట నరసరావుపేట చేరింది. ప్రెసిడెంటు పాలేరుని పిలిచి అడిగితే వాడు భయపడి నిజమే చెప్పాడు, తను వచ్చేది ఎప్పుడో ఒకప్పుడని. మరి కండెక్కడిది? పంచలో వెతికితే, వాడు ఎన్నడూ వేయని కోడి ఎముకలు దొరికాయి.

ఆదివారం పొద్దున ప్రెసిడెంటు పిన్నిని ఇంటి దగ్గర దించి వచ్చాడు. వెంట, ఆనాటి రాజీ చేసినవాళ్ళలో మిగిలి ఉన్న ఒక పెద్దాయన. నా షాపు ముందే ఆగారు, బాబాయ్ బెంచీ మీద ఉన్నాడు కాబట్టి. ఎక్కణ్ణించి వచ్చారో, జనం చేరారు.

"నా కుక్కకి కూడెవరు పెడతన్నారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"నీ కుక్క సంగతి నన్నెందుకడుగుతున్నావ్?"

"పక్కింటి కుక్కని ఎందుకు మచ్చిక చేసుకుంటారో నీకు నేను చెప్పాలా?"

బాబాయ్ మొహం నల్లబడింది. "నాకెవరూ చెప్పక్కర్లా. నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలవదు," అన్నాడు.

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మాటలొద్దు. గేటు బయట నిలబడు. గడప తొక్కినట్టూ కాదు. నీ చేతి కూడు తిన్న కుక్కయితే నిన్ను చూసి మొరగదు. తినలేదూ, మొరుగుద్ది. అంతటితో తేలిపోద్ది."

మా ఊళ్ళో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. జనం తలలూపారు. మొరగకపోతే ఆయన రాజీ తప్పినవాడు. కుక్క లొంగిన కుక్క. దాని ప్రాణం సాయంత్రం దాకా ఉండదు. ఆయన సంగతేమవుతుందో నేను ఆలోచించదలుచుకోలేదు.

బాబాయ్ నిమ్మళంగా లేచి కర్ర అందుకున్నాడు. ఆయన ధైర్యం ఏమిటో నాకు తెలుసు. కర్ర చప్పుడైతే అది మొరుగుతుంది.

"కర్ర ఇక్కడ పెట్టిపో," అన్నాడు ప్రెసిడెంటు. "కర్ర చూస్తే ఏ కుక్కైనా మొరుగుద్ది."

బాబాయ్ కర్రని నా షాపు మెట్టుకి ఆనించి, ఉత్త చేతులతో రోడ్డు దాటాడు. అప్పుడు చూశాను ఆయన వీపు. చొక్కా చెమటకి అంటుకుపోయి, ఇంత చిన్న వీపా అనిపించింది.

గేటు కమ్మీల అవతల టైగర్ లేచి నిలబడింది. మెడకి తెల్లని కట్టు. ఎదురుగా ఆయన. అది చెవులు రిక్కించి ఆయన చేతుల వైపు చూసింది. మొరగలేదు. నాలుగైదు అడుగులు ముందుకు వేసింది. నోరు సగం తెరిచింది. మొరగలేదు. ప్రెసిడెంటు పెదాల మీదికి నవ్వు వస్తోంది.

నేను షట్టరు కొక్కెం పట్టుకుని బలం కొద్దీ కిందికి లాగాను.

ఆ దడదడకి టైగర్ ఎగిరిపడింది. గొలుసు తెంచుకునేలా ఉరికి మొరిగింది. కట్టు జారేలా, నురగ కక్కేలా మొరిగింది. బాబాయ్ కదలకుండా నిలబడ్డాడు.

"విన్నావుగా," అన్నాడు పెద్దాయన.

"అది షట్టరు చప్పుడుకి..."

"చప్పుడు రోడ్డవతల. అది ఎవరి మీదికి ఉరుకుతందో కళ్ళకి కనపట్టల్లా?"

పిన్ని పంచలో, కుక్క వెనక నిలబడి ఉంది. జనమంతా దాని నోరు చూస్తుంటే, ఆమె కళ్ళు దాని వెనక వైపు ఉన్నాయి. తోక వైపే చూసింది. తల ఎత్తి రోడ్డవతల సగం దిగిన షట్టరునీ, నన్నూ చూసింది. ఒక్క మాట చాలు ఆమె నోటి వెంట.

"ఆయన్ని చూసేగా మొరుగుతోంది," అంది మొగుడితో. "వయసైనాయన్ని ఎండలో ఎంతసేపు నిలబెడతారు? పదండి లోపలికి."

జనం చెదిరారు. బాబాయ్ వచ్చి కర్ర తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. వీపు గోడకి ఆనించాడు. నేను టీ తెచ్చాను.

"షట్టరెందుకు దించావ్ అమ్మాయ్?"

"ఎందుకడుగుతున్నావ్ బాబాయ్?" అన్నాను.

ఆయన నవ్వడం అదే చూశాను. పైపళ్ళలో ఒకటి లేదని అప్పుడే తెలిసింది. నేనిచ్చిన గ్లాసు మార్చకుండా అట్టాగే తాగాడు. గొప్పగా పొంగిపోయాను గానీ, మర్నాడు మళ్ళీ మార్చాడు.

తర్వాత పిన్ని ఊళ్ళో ఎక్కువగా ఉండసాగింది. కుక్కకి వదులుగా కొత్త బెల్టు, గోడ దాకా అందే పొడుగాటి గొలుసు వచ్చాయి. ప్రెసిడెంటు అనుమానం చావక సీసీ కెమెరా పంపించాడు. బిగించేవాడు నిచ్చెన మీద నుంచి, "గోడ వైపు తిప్పమంటారా అమ్మా?" అని అడిగితే, "గేటు చాల్లే, గోడకేముంది?" అంది పిన్ని. నేను కౌంటరులో నుంచి విన్నాను. బాబాయ్ కూడా విన్నాడు. "ఆవిడ అట్టా ఎందుకంది?" అని వారం రోజులు ఆలోచించాడు. పొద్దునా సాయంత్రం గోడ మీద కర్ర చప్పుడు, తిట్లు, మొరుగుడు, గాజుపెంకుల మీదుగా ఒక చెయ్యి. పిన్ని పెట్టే పెరుగన్నం తిన్నాక కూడా అది ఆ ముద్ద కోసం మొరిగేది. ఎవరైనా "నీ కుక్క," అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నా కుక్కని ఎవరు చెప్పారు?" అని కర్ర ఎత్తేవాడు.

నేను ఊరు చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. శావల్యాపురం నుంచి కూతురు వచ్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, జనం అంతా ఆయన మంచితనమే చెప్పుకుంటున్నారు. ఒకరిద్దరు మాత్రం, "నిన్న సాయంత్రం కూడా తిట్టాడుగా, ఇట్టా ఎట్టా పోతాడు?" అని గుసగుసలాడుతున్నారు. బాబాయ్ వింటే సంతోషించేవాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. పాత గీతల మీద కొత్త గీతలు. నిన్నటి బ్యాండేజీ ఇంకా ఉంది.

పాడె లేచింది. ఎటు పోవాలన్నా ప్రెసిడెంటు గేటు ముందు నుంచే పోవాలి. అక్కడికి రాగానే డప్పులు ఆపేశారు. రాజీ మాట ప్రకారం ఆ ఇంటి నుంచి ఎవరూ ఈ వాకిట్లోకి రాలేదు.

అప్పుడు పిన్ని పంచలోంచి దిగింది. చేతిలో కర్ర. గోడ దగ్గరికి పోయి, ఆ గాజుపెంకుల కింద, సరిగ్గా ఆ చోటే, దబదబా బాదింది.

టైగర్ లేచి మొరిగింది. ఊరు అదిరేలా మొరిగింది.

"చూశారా," అంది నా పక్కన ఎవరో ఒకావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "చచ్చినా పగ చావలా. శవం మీదికి కుక్కని ఉసిగొలుపుతోంది." మగవాళ్ళు గేటు వైపు కొరకొరా చూశారు. కూతురు ఏడుపు హెచ్చింది. పిన్ని ఎవరి వైపూ చూడలేదు, ఎవరికీ జవాబు చెప్పలేదు. కర్రతో బాదుతూనే ఉంది, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా.

పాడె గేటు దాటి పోయింది. టైగర్ ఇటు తిరిగి కూడా చూడలేదు. ముందు కాళ్ళు గోడకి ఆనించి, గాజుపెంకుల పైకి చూస్తూ, తోక ఊపుకుంటూ మొరుగుతూనే ఉంది.